కీమో అంటే అన్నీ ఒకటి కావు: సుబ్బారావు గారి మందు నుంచి కార్-టీ దాకా

నేను న్యూజెర్సీలో ఒక ఆసుపత్రిలో కేన్సర్ మందులు కలిపే ఫార్మసిస్టుని. తెలుగు మాట్లాడతానని తెలిశాక మనవాళ్ళు గుడిలో ఆపి, కాస్ట్‌కో లైన్లో ఆపి, వాట్సాప్‌లో రిపోర్టులు పంపి అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. "ఈ మందు స్ట్రాంగేనా అండీ?" అన్నది ఒకటి. "దీంతోపాటు ఏం వేసుకోవచ్చు, ఏం వేసుకోకూడదు?" అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఇప్పటి కేన్సర్ మందులను బలంతో కొలవరు. ప్రతి మందూ శరీరంలో ఏదో ఒకదాన్ని పట్టుకుని ఆపుతుంది. అది దేన్ని పట్టుకుంటుందో తెలిస్తే రెండో ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది. తెలియకపోతే, ఒకరికి పనికొచ్చిన సలహా ఇంకొకరికి ప్రమాదం అవుతుంది. అందుకే ఈ వ్యాసం. మీ ఆంకాలజిస్టుని అడగాల్సినవి ఇందులో ఉంటాయి. ఆయన చెప్పాల్సినవి మాత్రం ఆయనే చెప్పాలి.

కీమో కథ చెప్పాలంటే మన భీమవరం నుంచే మొదలుపెట్టాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో అక్కడ పుట్టారు. రాజమండ్రిలో చదివి, మద్రాసులో వైద్యం చదివారు. ఆయన ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయి మనిషి కృశించిపోయే జబ్బు అది. సుబ్బారావు గారు 1920లలో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో వాళ్ళిద్దరూ, అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబరేటరీస్‌కి వెళ్ళిపోయారు.

అక్కడ ఆయన పట్టుకున్న పదార్థం ఫోలిక్ యాసిడ్. దీని ఆచూకీ మొదట దొరికిందీ మన దేశంలోనే. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మికులకు ఈస్ట్ సారం పెట్టి, వాళ్ళ రక్తహీనత తగ్గించారు. ఆ సారంలో పనిచేసేదేమిటో అప్పటికి తెలియదు. 1941లో టెక్సస్‌లో టన్నులకొద్దీ పాలకూర నుంచి దాన్ని వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. 1945 నాటికి సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. ఆయన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకి మందు అదే.

అప్పుడే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా వేగంగా పెరిగినట్టు కనిపించింది. ఫోలిక్ యాసిడ్ కేన్సర్‌కి మేత వేస్తోందంటే, దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించి, దాని పని చేయని నకిలీ అణువుల్ని తయారు చేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్‌ని 1947 చివర్లో ఫార్బర్ మొదటిసారి వాడారు. 1948 జూన్‌లో ప్రచురించిన ఫలితాల్లో పదహారు మంది పిల్లల్లో పదిమందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, జబ్బు మళ్ళీ వచ్చింది. కానీ మందుతో రక్త కేన్సర్‌ని వెనక్కి నెట్టవచ్చని తెలిసింది. రెండు నెలల తర్వాత, 1948 ఆగస్టులో, అమెరికా పౌరుడు కాకుండానే సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు. మన ఊళ్ళలో బోదకాలుకి పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన లేబరేటరీదే. మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు. నేనూ ఫార్మసీ చదివేటప్పుడు ఆయన పేరు వినలేదు.

అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్. అది ఇవాళ్టికీ నేను వారం వారం కలిపే మందు. పసుపు రంగులో ఉంటుంది. కణం రెండుగా చీలాలంటే డీఎన్‌ఏకి ఇంకో ప్రతి రాసుకోవాలి. దానికి ముడిసరుకు తయారవ్వాలంటే ఫోలేట్ కావాలి. ఫోలేట్‌ని పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్‌ని మెథోట్రెక్సేట్ పట్టుకుని కూర్చుంటుంది. ముడిసరుకు అందక, చీలబోతున్న కణం చచ్చిపోతుంది. కేన్సర్ కణాలు ఆగకుండా చీలుతుంటాయి కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ. అయితే వేగంగా చీలే మంచి కణాలూ మనకు ఉన్నాయి: నోటి లోపలి పొర, పేగుల పొర, జుట్టు కుదుళ్ళు, ఎముక మజ్జ. మాటామాటా "కీమో ఒళ్ళంతా పాడు చేస్తుంది" అంటారు గానీ, నోటిపూత, విరేచనాలు, జుట్టు రాలడం, తెల్లకణాలు పడిపోవడం అన్నీ ఈ ఒక్క కారణంతో వచ్చేవే. అవి తిరిగి కోలుకునే కణాలే కాబట్టి మూడు వారాలకొకసారి అంటూ మధ్యలో విరామం ఇస్తారు.

తెల్లకణాలు తగ్గిన రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వస్తే అది ఎమర్జెన్సీ. మన ఇళ్ళలో ముందు డోలో 650 వేసి, తగ్గుతుందేమో చూసి, పొద్దున్న ఫోన్ చేద్దామనుకుంటాం. ఈ ఒక్క అలవాటు మానుకోండి. అర్ధరాత్రి అయినా ముందు ఆంకాలజీ నంబరుకి ఫోన్ చేయండి, తర్వాతే మాత్ర.

ఇక ఫోలిక్ యాసిడ్ ప్రశ్న. మల్టీవిటమిన్ వేసుకోవచ్చా అని అందరూ అడిగేది ఇక్కడికే వస్తుంది. మెథోట్రెక్సేట్ భారీ మోతాదులో ఇచ్చినప్పుడు దాదాపు ఒక రోజు ఆగి, ల్యూకోవోరిన్ అనే మందు మొదలుపెడతాం. అది ఫోలేట్‌కే తయారైన రూపం. మెథోట్రెక్సేట్ మూసిన గేటు దాటుకుని మంచి కణాల్ని బతికిస్తుంది. గంటల లెక్క తప్పకూడదు. ఆ సమయంలో సొంతంగా ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే లెక్క చెడుతుంది. ఐబుప్రొఫెన్, కొన్ని గ్యాస్ మాత్రలు, బాక్ట్రిమ్ లాంటి యాంటీబయాటిక్ కూడా మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటకు పోకుండా చేయగలవు. పెద్దపేగు కేన్సర్‌కి ఇచ్చే 5-ఎఫ్‌యూ, దాని మాత్ర రూపం కెపెసిటబైన్ సంగతి వేరు. అక్కడ అదే ల్యూకోవోరిన్ మందు పట్టుని ఇంకా బిగిస్తుంది. కాబట్టి కెపెసిటబైన్ వాడుతూ ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా మింగితే విరేచనాలు, నోటిపూత ముదురుతాయి. మూడోది, ఊపిరితిత్తుల కేన్సర్‌కి ఇచ్చే పెమెట్రెక్సెడ్. ఇది కూడా ఫోలేట్ వ్యతిరేకి. కానీ దీనికి వారం ముందు నుంచే రోజూ ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి, బీ12 ఇంజెక్షన్ కూడా ఇస్తారు. వేసుకోకపోతే మంచి కణాలకు దెబ్బ ఎక్కువవుతుంది. "ఫోలిక్ యాసిడ్ కేన్సర్‌ని పెంచుతుంది" అని ఎక్కడో చదివి, డాక్టరు రాసిన మాత్రని అమ్మ చేత మాన్పించే కొడుకులూ కూతుళ్ళూ ఉంటారు. పెమెట్రెక్సెడ్ మీద ఉన్న అమ్మకి అది ఆపడం ప్రమాదం. ఒకే విటమిన్, మూడు మందులు, మూడు నియమాలు. అంతమాత్రాన పప్పులో తోటకూర, గోంగూర భయపడి మానేయనక్కర్లేదు. ఇక్కడ చెబుతున్నది సీసాల్లో అమ్మే సప్లిమెంట్ల గురించి.

మెథోట్రెక్సేట్ గురించి ఇంకొక్క మాట, ఇది కేన్సర్ లేని ఇళ్ళకు. కీళ్ళవాతానికి కూడా ఈ మాత్ర ఇస్తారు, వారానికి ఒక్క రోజే. దాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలు పోతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల మందుల డబ్బాలో అది ఉంటే, ఏ రోజు వేసుకోవాలో డబ్బా మీద తెలుగులో రాసి పెట్టండి.

ఒక్క మందుతో రక్త కేన్సర్ వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తుంటే, 1960లలో అమెరికా నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరిక్ నాలుగు మందులు కలిపి ఇచ్చారు. ఒకదాన్ని తప్పించుకున్న కణాన్ని ఇంకొకటి పట్టుకోవాలని వాళ్ళ ఆలోచన. ఆ నాలుగింటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఇంకోటి విన్‌క్రిస్టీన్, మన పెరట్లో పూసే బిళ్ళ గన్నేరు నుంచి వచ్చింది. కణం చీలేటప్పుడు క్రోమోజోములను రెండు పక్కలకూ లాగే దారాలను అది కట్టనివ్వదు. అలా అని బిళ్ళ గన్నేరు ఆకు రసం తాగితే కేన్సర్ తగ్గదు. టన్ను ఆకుల్లో గ్రాముల లెక్కన దొరికే పదార్థం అది, తేడా వస్తే నరాలు దెబ్బతింటాయి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త కేన్సర్ ఏఎల్‌ఎల్‌లో ఇవాళ అమెరికాలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. అలా బతికేవాళ్ళ చికిత్సలో సుబ్బారావు గారి మందు ఇంకా ఉంది.

రేడియేషన్ గురించి క్లుప్తంగా. ఎక్స్‌రే కిరణాలు డీఎన్‌ఏని తెంపుతాయి. మంచి కణం రాత్రికి రాత్రి అతుకు వేసుకోగలదు, కేన్సర్ కణానికి ఆ నేర్పు తక్కువ. అందుకే మొత్తం ఒకేసారి ఇవ్వకుండా రోజూ కొంచెం కొంచెంగా వారాల తరబడి ఇస్తారు. బయట నుంచి కాకుండా కణితి దగ్గరే రేడియోధార్మిక మూలాన్ని పెడితే అది బ్రాకీథెరపీ. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్న డాక్టర్ నోరి దత్తాత్రేయుడు గారు ఈ విద్యలో దిట్ట. 2015లో పద్మశ్రీ అందుకున్నారు. ప్రోటాన్ థెరపీ అయితే కిరణం అనుకున్న లోతు దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుంది. పిల్లలకూ, వెన్ను దగ్గరి కణితులకూ అది మేలు. ప్రతి కేన్సర్‌కీ అదే కావాలని పట్టుబట్టడంలో అర్థం లేదు.

టార్గెటెడ్ థెరపీ అన్న మాట 2001 తర్వాత జనంలోకి వచ్చింది. సీఎంఎల్ అనే రక్త కేన్సర్‌లో రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారై, బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్ పుడుతుంది. అది ఆపు లేకుండా "చీలు, చీలు" అని కణానికి చెబుతూ ఉంటుంది. దానికి శక్తినిచ్చే ఏటీపీ ఒక చిన్న గూట్లో వచ్చి కూర్చుంటుంది. ఇమాటినిబ్ (గ్లీవెక్) ఆ గూట్లో ముందే దూరి కూర్చుంటుంది. ఏటీపీకి చోటు లేక ప్రోటీన్ మూగబోతుంది. సుబ్బారావు గారు, ఫిస్క్ 1929లో గుర్తించిన అణువు ఇదే అని నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ముచ్చటేస్తుంది. ఈ మాత్ర బాగా పనిచేసిన సీఎంఎల్ రోగులు ఇప్పుడు మిగతావాళ్ళంత కాలమూ బతుకుతున్నారు.

ఇక్కడ హైదరాబాద్ ప్రస్తావన కూడా రావాలి. నాట్కో కంపెనీ వీనాట్ పేరుతో ఇమాటినిబ్‌ని చౌకగా తయారు చేసింది. గ్లీవెక్ కొత్త రూపానికి నోవార్టిస్ అడిగిన పేటెంట్‌ని 2013 ఏప్రిల్ 1న భారత సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అంతకు ఏడాది ముందు, 2012లో, కాలేయం, కిడ్నీ కేన్సర్లకు వాడే సోరాఫెనిబ్‌ని తయారు చేయడానికి నాట్కోకి భారతదేశపు మొదటి కంపల్సరీ లైసెన్స్ వచ్చింది. నెలకు సుమారు 2,80,000 రూపాయలున్న మందు 8,880 రూపాయలకు దిగింది. అటూ ఇటూ తిరిగే కుటుంబాలకు ఒక జాగ్రత్త: డబ్బా మీద బ్రాండ్ పేరు మారినా లోపలి మందు ఒకటే కావచ్చు. రెండు పేర్లు చూసి రెండు మందులనుకుని రెండూ మింగకుండా, చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చూడండి. ఈ రకం మాత్రల్లో చాలావాటికి గ్రేప్‌ఫ్రూట్, దాని చుట్టమైన మన పంపరపనస పడవు; రక్తంలో మందు పాళ్ళు పెరిగిపోతాయి.

మనవాళ్ళకి అన్నింటికంటే అవసరమైన విషయం ఊపిరితిత్తుల కేన్సర్‌లో ఉంది. జీవితంలో సిగరెట్ ముట్టని అమ్మకి ఆ కేన్సర్ అని తేలితే ఇల్లంతా నమ్మలేకపోతుంది. ఆసియా వాళ్ళలో, అందులోనూ పొగతాగని ఆడవాళ్ళలో, ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మ్యుటేషన్ తెల్లవారిలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అది ఉంటే ఒసిమెర్టినిబ్ లాంటి మాత్ర బాగా పనిచేస్తుంది. బయాప్సీ ముక్క మీద చేసే జన్యు పరీక్ష ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఆ ఆలస్యం తట్టుకోలేక, "ముందు ఇమ్యునోథెరపీ మొదలుపెట్టండి" అని కుటుంబాలు తొందరపెడతాయి. ఈజీఎఫ్‌ఆర్ ఉన్నవాళ్ళకి ఇమ్యునోథెరపీ అంతగా పనిచేయదు. పైగా ఇమ్యునోథెరపీ ఇచ్చిన కొద్దికాలానికే ఒసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తులు తీవ్రంగా వాచే ప్రమాదం పెరుగుతుంది. రోగి పరిస్థితి ఆగనివ్వదని డాక్టరు అనుకుంటే ముందు కీమో ఒక్కటే ఇచ్చి, ఫలితం వచ్చాక మిగతాది నిర్ణయించవచ్చు. అడగాల్సిన ప్రశ్న ఇది: "ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే ఫలితాలు వచ్చాయా?" రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ త్వరగా వస్తుంది, దాన్నీ అడగండి.

రొమ్ము కేన్సర్‌లో ఇలాంటి గుర్తు హెర్2. కణం పైన ఆ రిసెప్టర్ ఎక్కువగా ఉంటే 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ (హెర్సెప్టిన్) అనే యాంటీబాడీ వెళ్ళి దానికి అంటుకుంటుంది. దానికే కీమో మందు కట్టి పంపితే, చిరునామా చూసుకుని వెళ్ళి కణం లోపలే విడుదల చేస్తుంది. గుండె మీద ప్రభావం ఉండొచ్చు కాబట్టి మధ్యమధ్యలో ఎకో తీస్తారు.

ఇమ్యునోథెరపీకి అంత పేరు ఎందుకొచ్చిందంటే, జిమ్మీ కార్టర్ గారిని చూసి అనవచ్చు. 2015లో మెలనోమా మెదడుకి పాకిందని ఆయన ప్రకటించారు. సర్జరీ, రేడియేషన్, పెంబ్రోలిజుమాబ్ (కీట్రూడా) తర్వాత అదే ఏడాది చివరికి స్కాన్‌లో ఏమీ కనపడలేదు. నూరేళ్ళు నిండి 2024 డిసెంబరులో పోయారు. మన టీ-కణాలకు బ్రేకులు ఉంటాయి, లేకపోతే సొంత ఒంటినే తినేస్తాయి. కొన్ని కేన్సర్లు ఆ బ్రేకు మీద కాలు వేసి కూర్చుంటాయి. ఈ మందు ఆ కాలు తీయిస్తుంది. ఈ బ్రేకులను కనిపెట్టిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. కానీ అందరిలో పనిచేయదు. పెద్దపేగు కేన్సర్‌లో అయితే ఎంఎస్‌ఐ అనే పరీక్షలో "హై" అని వచ్చిన కొద్దిమందికే బాగా పనిచేస్తుంది. బ్రేకు తీశాక టీ-కణాలు పేగుల మీదో, థైరాయిడ్ మీదో, ఊపిరితిత్తుల మీదో పడవచ్చు, చివరి డోసు అయిన నెలల తర్వాత కూడా. పచ్చడి పడలేదనుకుని విరేచనాలను మజ్జిగన్నంతో సరిపెట్టకండి. ఎమర్జెన్సీకి వెళ్తే "కీమోలో ఉన్నారు" అని చెప్పొద్దు, "ఇమ్యునోథెరపీ" అని మందు పేరుతో చెప్పండి. అక్కడి వైద్యం మారిపోతుంది. చాలాసార్లు స్టెరాయిడ్ కావాల్సి వస్తుంది.

కార్-టీలో మందు రోగి కణాలే. రక్తంలోంచి టీ-కణాలు తీసి, కేన్సర్ కణం మీది సీడీ19 లాంటి గుర్తుని పట్టే జన్యువుని వాటిలో పెట్టి, లక్షలకొద్దీ పెంచి వెనక్కి ఎక్కిస్తారు. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ళ పాప ఈ చికిత్స పొందిన మొదటి చిన్నారి. ఎక్కించిన కణాలు రేపిన జ్వరంతో పాప చావు అంచుకి వెళ్తే, కీళ్ళవాతానికి వాడే టోసిలిజుమాబ్ అనే మందు కాపాడింది. 2017లో అమెరికా అనుమతి వచ్చినప్పుడు ఈ చికిత్స ధర 4,75,000 డాలర్లు. 2023లో బొంబాయి ఐఐటీ, టాటా మెమోరియల్ కృషితో ఇండియాలో తయారైన నెక్స్‌కార్19కి అక్కడ అనుమతి దొరికింది. ఖర్చు ఇక్కడి ధరలో చిన్న భాగం.

ఏ చికిత్స మొదలుపెట్టే ముందైనా ఇండియాలో పుట్టినవాళ్ళు హెపటైటిస్ బి పరీక్ష అయిందో లేదో అడగాలి. ఎప్పుడో వచ్చి నిద్రపోతున్న వైరస్, ముఖ్యంగా లింఫోమాకి ఇచ్చే రిటుక్సిమాబ్‌తో, లేచి కాలేయాన్ని తినేయగలదు. ముందే తెలిస్తే ఒక మాత్రతో ఆపవచ్చు. చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అన్నదీ చెప్పండి. వంటలో పసుపు పర్వాలేదు. కర్క్యుమిన్ గుళికలు, అశ్వగంధ, ఊరి నుంచి తెచ్చిన లేహ్యం, అన్నీ సీసాలతో సహా ఫార్మసిస్టుకి చూపించండి. మేము తిట్టం.

"అమ్మకి కేన్సర్ అని చెప్పొద్దు" అని డాక్టరుని బతిమాలే కుటుంబాలను నేను అర్థం చేసుకోగలను. కానీ ఇక్కడ సంతకం అమ్మే పెట్టాలి. పైన చెప్పిన జ్వరమూ విరేచనాలూ ముందు తెలిసేదీ ఆమెకే. ఎందుకు చెప్పాలో తెలియనిదే చెప్పరు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి, అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే అడగండి. కొడుకు మధ్యలో ఉండి అనువదిస్తే సగం మాటలు మింగేస్తాడు.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇక్కడ జబ్బు బయటపడితే, మామూలు విజిటర్ ఇన్సూరెన్స్ కేన్సర్ ఖర్చుకు సరిపోవడం అరుదు. చాలామంది పరీక్షలు ఇక్కడ చేయించుకుని వైద్యానికి వెనక్కి వెళ్తారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే, ఎన్టీఆర్ గారి భార్య పేరిట ప్రవాస డాక్టర్ల చేయూతతో 2000లో మొదలైన బసవతారకం, విశాఖలో హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితాలే కాకుండా స్కాన్ సీడీ, స్లైడ్లు, బయాప్సీ ముక్క ఉన్న పారఫిన్ బ్లాక్ పాథాలజీ విభాగంలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. బ్లాక్ ఉంటే అక్కడ ఈజీఎఫ్‌ఆర్, హెర్2 పరీక్షలు మళ్ళీ సూది గుచ్చకుండానే చేయవచ్చు. దాన్ని చెకిన్ సూట్‌కేసులో పెట్టకుండా చేతి సంచీలో, ఎండ తగలకుండా పెట్టుకోండి. అది మైనం, వేడికి కరుగుతుంది.